మిషన్ ఆగిన మూడు రోజులు: డయాలసిస్ వాళ్ల తుఫాను భోజనం వెనకున్న కథ

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న విషయాన్ని, డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. టైము చాలక అక్కడ వదిలేసిన సంగతులు కొన్ని ఇందులో చేర్చాం.

అమెరికాలో డయాలసిస్ పేషెంట్లకు ఇచ్చే కాగితాల్లో ఒకటి మూడు రోజుల తిండి గురించి ఉంటుంది. తుఫానో, మంచు తుఫానో, భూకంపమో వచ్చి సెంటర్ మూతపడితే, మళ్లీ మిషన్ దొరికేదాకా ఏం తినాలి, ఎంత తాగాలి అన్నది అందులో రాసి ఉంటుంది. చూడ్డానికి మామూలు డైట్ చార్టులాగే కనిపిస్తుంది. కానీ చదివితే వింతగా ఉంటుంది. రోజూ "ప్రొటీన్ బాగా తినండి, గుడ్డు తినండి, చికెన్ తినండి" అని చెప్పే డైటీషియనే ఇక్కడ మాంసం సగానికి తగ్గించమంటుంది. పంచదార, వెన్న, తెల్ల బ్రెడ్డు తినమంటుంది. రోజుకు అర లీటరు మించి తాగొద్దంటుంది.

ఈ తలకిందుల భోజనం ఎక్కడి నుంచి వచ్చింది? మా జవాబు ఇది: అది కొత్తగా కనిపెట్టింది కాదు. డయాలసిస్ మిషన్ పుట్టకముందు డాక్టర్ల చేతిలో ఉన్న ఒకే ఒక్క మందు అది. మిషన్ వచ్చాక దాన్ని పక్కన పెట్టారు. విపత్తుల కోసం మళ్లీ బయటికి తీశారు.

అన్నం, పంచదార, వెన్న

కిడ్నీలు చేసే పనుల్లో మూడు ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఒంట్లో ఎక్కువైన నీటిని బయటికి పంపడం, ప్రొటీన్ అరిగాక మిగిలే యూరియా లాంటి వ్యర్థాలను తీసేయడం, పొటాషియంని అదుపులో పెట్టడం. కిడ్నీలు పాడైతే ఈ మూడూ ఒంట్లో పేరుకుపోతాయి. నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ఊపిరాడదు. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది.

మిషన్ లేని కాలంలో డాక్టర్లు ఇలా ఆలోచించారు: బయటికి పంపే దారి మూసుకుపోయినప్పుడు, లోపలికి వచ్చేదాన్నే తగ్గించాలి. 1939లో నార్త్ కరోలినాలోని డ్యూక్ యూనివర్సిటీలో వాల్టర్ కెంప్నర్ అనే డాక్టరు అన్నం డైట్ మొదలుపెట్టాడు. ఆయన నాజీల కాలంలో జర్మనీ వదిలి వచ్చిన యూదుడు. తెల్లన్నం, పండ్లు, పళ్లరసం, పంచదార. ఉప్పు లేదు. రోజంతా కలిపి ప్రొటీన్ సుమారు 20 గ్రాములు. కిడ్నీ జబ్బు, విపరీతమైన బీపీ ఉన్నవాళ్లకు ఇది పెట్టాడు. డ్యూక్‌లో ఒక కథ చెప్పుకుంటారు. ఒక పేషెంటుకి "రెండు వారాలు తిని రండి" అని చెబితే, ఆయన జర్మన్ యాస అర్థంకాక ఆమె రెండు నెలలు తిని వచ్చిందట. వచ్చేసరికి బీపీ దిగింది, పెరిగిన గుండె సైజు తగ్గింది. యాస వల్ల ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో తిప్పలు పడ్డ మనలాంటివాళ్లకు ఈ కథ వేరేగా వినిపిస్తుంది. (ఒక మాట: ఆ డైట్‌లోని పండ్లు, పళ్లరసాల్లో పొటాషియం ఎక్కువ. ఇప్పుడు డయాలసిస్‌లో ఉన్నవాళ్లు దాన్ని పాటించకూడదు.)

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్ డాక్టర్లు ఇంకో అడుగు వేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో బోర్స్ట్ అనే డాక్టరు వెన్న, పంచదార కలిపిన జావలాంటిది పెట్టాడు. లండన్‌లో హామర్‌స్మిత్ ఆస్పత్రిలో బుల్ బృందం 1949లో ప్రకటించిన పద్ధతి ఇంకా కఠినం. రోజుకు 400 గ్రాముల గ్లూకోజ్, 100 గ్రాముల వేరుశనగ నూనె, ఒక లీటరు నీళ్లలో కలిపి ముక్కు ట్యూబు ద్వారా ఎక్కించేవారు. తినడానికి అంతకన్నా దిక్కుమాలిన వస్తువు ఉండదేమో. కానీ లెక్క సరైనదే. ఒంటికి కాలరీలు అందకపోతే అది తన కండనే కరిగించుకుంటుంది. కండ కరిగితే యూరియా, పొటాషియం రక్తంలోకి వస్తాయి. చక్కెర, కొవ్వు ఇస్తే ఒళ్లు వాటినే కాల్చుకుంటుంది, కండ జోలికి అంతగా పోదు. తిండి మానేస్తే మంచిదనుకోవడం తప్పన్నమాట. ఈ సంగతి కాసేపట్లో మళ్లీ పనికొస్తుంది.

మిషన్ వచ్చింది, తిండి మారింది

అదే కాలంలో, నాజీల ఆక్రమణలో ఉన్న హాలండ్‌లో, కాంపెన్ అనే చిన్న ఊళ్లో విల్లెం కోల్ఫ్ సాసేజ్‌లకు వాడే సెల్లోఫేన్ గొట్టంతో కృత్రిమ కిడ్నీ తయారుచేశాడు. 1943లో వాడటం మొదలుపెట్టాడు. తొలి పేషెంట్లలో చాలామంది చనిపోయారు. 1945లో 67 ఏళ్ల మహిళ ఒకామె దానివల్ల బతికి బయటపడింది. కోల్ఫ్ కూడా 1950లో అమెరికాకు వలస వెళ్లాడు.

ఆ మిషన్‌తో ఒక ఇబ్బంది ఉండేది. ఎక్కించిన ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాలి. కాబట్టి కొన్నిసార్లకే పనికొచ్చేది. 1960 మార్చి 9న సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం, బోయింగ్‌లో మెషినిస్టుగా పనిచేసే క్లైడ్ షీల్డ్స్ చేతికి టెఫ్లాన్ షంట్ అమర్చింది. గొట్టం చేతికే ఉండిపోతుంది, ఎప్పుడంటే అప్పుడు మిషన్‌కి కలపొచ్చు. షీల్డ్స్ ఆ తర్వాత 11 ఏళ్లు బతికాడు. కిడ్నీలు పోయినా ఏళ్ల తరబడి బతకొచ్చని అప్పుడు తెలిసింది.

కానీ మిషన్లు తక్కువ, మనుషులు ఎక్కువ. సియాటిల్‌లో ఏడుగురి కమిటీ ఒకటి కూర్చుని ఎవరికి మిషన్ ఇవ్వాలో, అంటే ఎవరు బతకాలో, తేల్చేది. 1962లో లైఫ్ పత్రిక ఈ సంగతి రాస్తే దేశం ఉలిక్కిపడింది. 1971 నవంబర్ 4న షెప్ గ్లేజర్ అనే పేషెంటు అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు, అందరూ చూస్తుండగా మిషన్‌కి కలిపించుకున్నాడు. 1972 అక్టోబర్ 30న నిక్సన్ సంతకంతో చట్టం వచ్చింది. 1973 జులై నుంచి, వయసుతో పనిలేకుండా, కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్లలో తగినంత కాలం పనిచేసి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవాళ్లకు, వాళ్ల భార్యాభర్తలకు, వాళ్లపై ఆధారపడ్డ పిల్లలకు మెడికేర్ డయాలసిస్ ఖర్చు భరించడం మొదలుపెట్టింది.

దీంతో తిండి సంగతి కూడా మారింది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రమవుతుంటే, పూర్వం లాగా ప్రొటీన్ మానాల్సిన పనిలేదు. పైగా మిషన్ రక్తంలోని అమైనో ఆమ్లాలను కొంత లాగేస్తుంది కాబట్టి ఎక్కువే తినాలి. అలా అన్నం డైట్, వెన్న జావ పాత పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి. సోమ, బుధ, శుక్ర, లేదంటే మంగళ, గురు, శని. ఈ టైంటేబుల్ ఎప్పుడూ తప్పదన్న నమ్మకం మీద లక్షల మంది జీవితాలు నడిచాయి.

ఆ టైంటేబుల్‌లో ఒక సన్నని చోటు ఉంది. వారాంతంలో రెండు రోజుల గ్యాప్ వస్తుంది. 2011లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 32,065 మంది పేషెంట్లను చూసింది. ఆ పెద్ద గ్యాప్ తర్వాతి రోజున మరణాలు మిగతా రోజులకన్నా ఎక్కువ. మామూలు వారాంతమే అంత ముప్పు తెస్తే, తుఫాను ఇంకెంత తెస్తుందో ఆలోచించండి.

2005 ఆగస్టు 29

కత్రినా తుఫాను ఆ రోజున లూసియానా తీరాన్ని తాకింది. న్యూ ఆర్లీన్స్ మునిగింది. లూసియానా, మిసిసిపి, అలబామాల్లో 94 డయాలసిస్ సెంటర్లు కనీసం వారం పాటు మూతపడ్డాయి. ఒక్కసారి డయాలసిస్‌కి వంద లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీళ్లు కావాలి, కరెంటు కావాలి, నర్సులు రావాలి. ఈ మూడూ ఒకేసారి పోయాయి.

తర్వాత 386 మంది న్యూ ఆర్లీన్స్ ప్రాంతపు పేషెంట్లను కలిసి పరిశోధకులు లెక్క తీశారు. 44 శాతం మందికి కనీసం ఒక సెషన్ తప్పింది. దాదాపు 17 శాతం మందికి మూడు లేదా అంతకన్నా ఎక్కువ తప్పాయి. మూడు తప్పినవాళ్లలో ఆస్పత్రి పాలయ్యే ముప్పు రెట్టింపు పైనే. మరి ఎవరికి ఎక్కువ తప్పాయి? ఒంటరిగా ఉండేవాళ్లకు, తుఫాను రాకముందే ఊరు వదలనివాళ్లకు, తమ సెంటర్ ఎమర్జెన్సీ ప్లాన్ ఏంటో తెలియనివాళ్లకు.

ఈ మూడు మాటలూ ఇంకోసారి చదవండి. పరాయి దేశంలో రూమ్ షేర్ చేసుకుని బతికేవాళ్లలో, భాష పూర్తిగా రానివాళ్లలో, కారు లేనివాళ్లలో ఎంతమందికి ఇవి వర్తిస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.

2006లో మెడికేర్ వాళ్లు, కిడ్నీ సంస్థలు కలిసి కిడ్నీ కమ్యూనిటీ ఎమర్జెన్సీ రెస్పాన్స్ అనే కూటమి పెట్టారు. పొట్టిగా కేసర్ అంటారు. 2008లో మెడికేర్ కొత్త నిబంధనలు తెచ్చింది. విపత్తు వస్తే ఏం చేయాలో, ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో, మిషన్ మీద ఉండగా ఖాళీ చేయాల్సి వస్తే తమంతట తాము ఎలా విడిపించుకోవాలో ప్రతి సెంటరూ పేషెంట్లకు నేర్పి తీరాలి. మూడు రోజుల తిండి కాగితం ఈ కాలంలోనే ఊరూరా పాకింది.

కాగితంలో ఏముంది?

ఇప్పుడు పాత డాక్టర్ల లెక్క గుర్తు చేసుకుని చదవండి. సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

నీళ్లు, పాలు, ఐసు ముక్కలు అన్నీ కలిపి రోజుకు రెండు కప్పులు, అంటే సుమారు అర లీటరు. మాంసం, గుడ్లు మామూలుగా తినేదానిలో సగం. పొటాషియం ఎక్కువ ఉన్న పండ్లు, కూరగాయలు పూర్తిగా బంద్. ఉప్పు బంద్, ఎందుకంటే ఉప్పు తింటే దాహం, దాహమైతే నీళ్లు. కాలరీల కోసం తెల్ల బ్రెడ్డు, ఉప్పులేని బిస్కట్లు, వెన్న, తేనె, పంచదార. డబ్బాలో వచ్చే పియర్ ముక్కలు, ఆపిల్ సాస్ లాంటివి కొంచెం. డబ్బాలోని రసం పారబోసి ముక్కలే తినాలి. దాహానికి గట్టి నిమ్మ పిప్పరమెంట్లు చప్పరించాలి. షుగర్ ఉన్నవాళ్లకు ఈ తీపి లెక్క వేరు, అది డాక్టరు ముందే రాసివ్వాలి.

పస్తు ఉండమని అందులో ఎక్కడా లేదు, గమనించండి. 1949 నాటి గ్లూకోజ్, నూనె లెక్కే ఇప్పుడు బ్రెడ్డు, వెన్న, తేనె రూపంలో వచ్చింది.

ఇంకో సంగతి. సెంటర్ మూతపడ్డ రెండో రోజున మొదలుపెడితే లాభం సగమే. హెచ్చరిక రాగానే మొదలుపెట్టాలి. ఈ తిండి ఏమీ నయం చేయదు, డయాలసిస్‌కి బదులు కాదు. మిషన్ దొరికేదాకా కొంత టైము సంపాదించి పెడుతుంది, అంతే. ఆయాసం, కాళ్లూచేతులు బలహీనపడటం, గుండె దడ ఇవి కనిపిస్తే డైట్ మాట వదిలేసి ఎమర్జెన్సీకి పోవాలి.

ముందే మిషన్ ఎక్కితే?

2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. మనవాళ్లు చాలామంది ఉండే ఎడిసన్, జెర్సీ సిటీ వైపంతా రోజుల తరబడి చీకటి. ఈసారి చాలా సెంటర్లు తుఫానుకు ముందే పేషెంట్లను పిలిచి ఒక సెషన్ చేసి పంపాయి. న్యూయార్క్, న్యూజెర్సీల్లో 13,836 మంది రికార్డులు చూస్తే, 60 శాతం మందికి అలా ముందస్తు డయాలసిస్ అందింది. వాళ్లలో 30 రోజుల్లో చనిపోయే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు 28 శాతం తక్కువ. ముందు ఒక సెషన్, తర్వాత మూడు రోజుల తిండి. కత్రినా నేర్పిన పాఠంలో సగం ఇంట్లో అమలైతే, మిగతా సగం సెంటర్లలో అమలైంది.

అలాగని ఇంట్లో కడుపు డయాలసిస్ చేసుకునేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చని కాదు. 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను వరదల్లో నార్త్ కరోలినాలోని మారియన్ దగ్గర బాక్స్‌టర్ ఫ్యాక్టరీ మునిగింది. అమెరికా మొత్తానికి కావాల్సిన సెలైన్ లాంటి ద్రవాల్లో సుమారు 60 శాతం అక్కడే తయారయ్యేవి. కడుపు డయాలసిస్ ద్రవం కూడా అక్కడిదే. తుఫాను ఎక్కడో వచ్చినా కొరత దేశమంతా తగిలింది.

కొందరికి ప్రతి వారమూ తుఫానే

1972 చట్టం అందరినీ కాపాడలేదు. కాగితాలు లేని వలస కార్మికులకు మెడికేర్ లేదు. విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలకూ వర్తించదు. 1986 నాటి చట్టం ప్రకారం ప్రాణం మీదికి వస్తే మాత్రం ఆస్పత్రి ఎమర్జెన్సీ వాళ్లను వెనక్కి పంపకూడదు. దీంతో చాలా రాష్ట్రాల్లో ఒక ఘోరమైన పద్ధతి వచ్చింది. పొటాషియం ప్రమాదకరంగా పెరిగితేనో, ఊపిరాడకపోతేనో తప్ప మిషన్ ఎక్కించరు. టెస్టు ఫలితం అంత చెడ్డగా లేకపోతే ఇంటికి పంపేస్తారు.

2018లో అచ్చైన ఒక అధ్యయనం కాగితాలు లేని లాటినో పేషెంట్లను పోల్చి చూసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో వాళ్లకు వారానికి మూడుసార్లు మామూలుగానే డయాలసిస్ అందేది. హ్యూస్టన్, డెన్వర్‌లలో ఎమర్జెన్సీ అయితేనే. ఐదేళ్లలో చనిపోయే ముప్పు రెండో రకంవాళ్లకు 14 రెట్లు. తర్వాత 2019లో కొలరాడో రాష్ట్రం పద్ధతి మార్చి వాళ్లకూ క్రమం తప్పకుండా డయాలసిస్ ఇవ్వడం మొదలుపెట్టింది.

అలాంటివాళ్లకు తుఫాను భోజనం మూడు రోజులది కాదు, జీవితాంతం. ఏం తినాలన్నా, ఎంత తాగాలన్నా లెక్కే. సియాటిల్ కమిటీ ఎప్పుడో ముగిసిపోయిందని పుస్తకాలు చెబుతాయి. ఆ ఏడుగురూ లేరు గానీ, ఎవరికి మిషన్, ఎవరికి కాదు అన్న ప్రశ్న ఇంకా బతికే ఉంది.

ఉద్దానంలో కొబ్బరి నీళ్లు

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన శ్రోతల్లో శ్రీకాకుళం వాళ్లు ఎక్కువే. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. అసలు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అక్కడి నుంచి గల్ఫ్‌కి, దూర ప్రాంతాలకు పనికి వెళ్లినవాళ్ల జీతంలో కొంత భాగం ఇంటి దగ్గర మందులకే పోతుంది. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి.

అదే నేల మీదికి 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు.

తుఫాను తర్వాత ఉద్దానంలో మొదట చేతికందేది ఏంటి? పడిపోయిన చెట్ల కింద కొబ్బరి బొండాలు. మంచినీళ్లు లేనప్పుడు అందరికీ అమృతమే. డయాలసిస్ మనిషికి మాత్రం విషం. ఒక గ్లాసు కొబ్బరి నీళ్లలో సుమారు 500 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. వారానికి మూడుసార్లు మిషన్ ఎక్కేవాళ్లకే రోజు మొత్తానికి 2000 నుంచి 3000 దాటొద్దంటారు. సాయం చేయడానికి వచ్చినవాళ్లు పంచే అరటిపళ్లు, పులిహోర, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా అంతే. అరటిపండులో, చింతపండులో, ఓఆర్ఎస్‌లో పొటాషియం ఉంది. మంచి మనసుతో ఇచ్చిందే ప్రాణం తీయొచ్చు. అందుకే ఈ సంగతి పేషెంటుకి ఒక్కరికే తెలిస్తే చాలదు, పక్కనున్నవాళ్లకూ తెలియాలి.

మన వంటింటి లెక్క

అమెరికా కాగితంలో బ్రెడ్డు, ఆపిల్ సాస్ ఉన్నాయి కదా, మన ఇంట్లో ఏం ఉంటాయి? ఇవి చూడండి.

పనికొచ్చేవి: తెల్లన్నం, అటుకులు, ఉప్పులేని మరమరాలు, పంచదార, వెన్న లేదా నెయ్యి, తేనె. తెల్ల బియ్యంలో పొటాషియం చాలా తక్కువ. వండే వీలు లేకపోతే మరమరాలు, కాసిన్ని నీళ్లు చల్లుకున్న అటుకులు. ఆ చల్లిన నీళ్లు కూడా అర లీటరు లెక్కలోకే వస్తాయి.

దూరం పెట్టాల్సినవి: కొబ్బరి నీళ్లు, అరటిపళ్లు, ఖర్జూరాలు, జీడిపప్పు, టమాటా, బంగాళదుంప, చింతపండు పులుసు, పప్పు, ఆకుకూరలు. ఉప్పు వల్ల ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఇన్‌స్టంట్ నూడుల్స్. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పు అస్సలు వద్దు, అందులో సోడియం బదులు పొటాషియమే వేస్తారు.

ఒక చిన్న పెట్టె సర్దుకోండి. మూడు రోజుల తిండి, తాగునీళ్లు, కొలత కప్పు, డబ్బా ఓపెనర్, వారానికి సరిపడా మందులు, చివరి డయాలసిస్ కాగితాల నకలు, సెంటర్ నంబరుతో పాటు ఇంకో రెండు సెంటర్ల నంబర్లు. ఆరు నెలలకోసారి తీసి కొత్తవి పెట్టండి. ఈ లిస్టు మీ డాక్టరుకి, డైటీషియన్‌కి చూపించి మీ ఒంటికి తగ్గట్టు మార్పించుకోండి. కడుపు డయాలసిస్ వాళ్లకు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు లెక్కలు వేరు.

ఎడారి దేశంలో ఉన్నాం, మాకెందుకు తుఫాను అనుకునేవాళ్లు 2024 ఏప్రిల్ 16న దుబాయ్ రోడ్లు చెరువులైన సంగతి మర్చిపోవద్దు.

మీ క్యాంపులోనో, బిల్డింగులోనో, ఊళ్లోనో డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఒక్కరైనా ఉంటారు. ఈ రాత వాళ్లకు పంపండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అమ్మా, సెంటర్ మూస్తే ఎక్కడికి వెళ్లాలో అడిగావా?" అని ఒక్క మాట అడగండి. కత్రినాలో ఎక్కువగా నష్టపోయినవాళ్లలో ఆ ఒక్క ప్రశ్నకు జవాబు తెలియనివాళ్లు ఉన్నారు.